కొత్త గొంతు అలవాటయ్యేదాకా

తాంబూలాలకని పులివెందుల నుంచి వస్తున్న మగపెళ్ళివారి బండ్లు ముద్దనూరు గేటు దగ్గర ఆగిపోయాయని, బొగ్గు గూడ్సు అడ్డం నిలబడిందని, ఇంకో గంటైనా పడుతుందని మా అక్క వెంకటరమణమ్మ నా చెవిలో నోరు పెట్టి అరిచి చెప్పి పోయింది. అరవాల్సిన పనేముంది? నాకు పోయింది గొంతు, చెవులు కావు, ఈ సంగతి జమ్మలమడుగులో ఒక్కొక్కరికీ ఎన్నిసార్లు తెలియజెప్పాలో అర్థం కావడం లేదు, మాట రానివాడు కనబడితే చాలు వాడికి చెవుడు కూడా అంటగడతారు, కొందరైతే బుద్ధి కూడా తక్కువేమోనన్నట్టు నెమ్మదిగా, ఒక్కొక్క ముక్కా విడదీసి, చేతులు తిప్పుతూ మాట్లాడతారు. పోనీలే, గంట దొరికింది, మంచిదే. ఈ కల్యాణమండపం పక్కగదిలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, మడిచిపెట్టిన జంపఖానాలు, మరకలు పడిన అద్దం, నేను, నా చేతిలో మిషను. గోడ అవతల మా వాళ్ళు కుర్చీలు లాగుతున్నారు, ఎవరో టీ గ్లాసుల లెక్క తప్పిందని కసురుకుంటున్నారు. నాకు కావాల్సింది ఒక్క మాట. ఈ గంట గడిచాక ఆ మాట నా నోటి నుంచి నలుగురికీ అర్థమయ్యేట్టు రావాలి, అంతే.

మా లహరిని మీ ఇంటికి ఇచ్చినాము. ఇంతే మాట. మా వైపు అయ్యవారు లగ్నపత్రిక ఎంత రాగం తీసి చదివినా సరే, తాంబూలం పళ్ళెం చేతుల్లో పట్టుకుని పిల్ల తండ్రి తన నోటితో మూడుసార్లు ఈ మాట అనాలి, పిల్లవాడి తండ్రి పుచ్చుకున్నామని మూడుసార్లు అనాలి, అప్పుడే పెద్దమనుషులు వక్కాకు నోట్లో వేసుకుంటారు. తండ్రి కాలం చేసి ఉంటే చిన్నాన్నో మేనమామో అంటారు. తండ్రి ఎదురుగా నిలబడి ఉండి వేరేవాడు అన్నాడంటే, ఆ తండ్రి ఉన్నట్టా లేనట్టా? మా బావమరిది నిన్న భోజనాల దగ్గర మంచి మనసుతోనే అన్నాడు, "నువ్వేం అవస్థ పడొద్దు బావా, నేను చెప్పేస్తాలే" అని. మంచి మనసే, కాదనను. కానీ బతికుండగానే నా కుర్చీలో ఇంకెవర్నో కూర్చోబెట్టినట్టు అనిపించి కోపం వచ్చింది, చెయ్యి కడిగేసుకుని లేచిపోయాను.

ఈ మిషను చూడ్డానికి గడ్డం గీసుకునే కరెంటు మిషనంత ఉంటుంది. తల దగ్గర గుండ్రటి బిళ్ళ, పక్కన మీట. దవడ కింద మెడకు ఆనించి మీట నొక్కితే జుయ్యిమని మోగుతుంది, ఆ మోత మెడలోంచి నోట్లోకి పోతుంది, దాన్ని పెదాలతో నాలుకతో మాటలుగా చేసుకోవాలి. గొంతులో గడ్డ అని తేలాక గొంతునంతా తీసేశారు, ఊపిరికి మెడ ముందు రంధ్రం పెట్టారు, ఆ తర్వాత వారాల తరబడి కరెంటు పెట్టారు, రేడియేషన్ అనాలట, దాంతో మెడ ఎడమపక్క చర్మం చెప్పు తోలు మాదిరి బిగుసుకుపోయింది, ఆడ ఆనిస్తే మోత లోపలికి పోదు, బయటే మోగుతుంది. కుడిపక్క దవడ ఎముకకు కాస్త వెనక మెత్తగా ఒక చోటుంది. దాన్ని దొరకబుచ్చుకునేసరికి చలికాలం పోయి ఎండాకాలం వచ్చింది.

ప్రొద్దుటూరులో ఈ మిషను నేర్పించే ప్రశాంతి మేడమ్ మొదటి రోజే చెప్పింది. చిన్న వయసే, కానీ మాట ఖచ్చితం. "సుబ్బరాయుడు గారూ, దీని మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. మొదట్లో మీకే నచ్చదు, తర్వాత ఇంట్లోవాళ్ళకు విసుగొస్తుంది. బయటివాళ్ళకు అర్థం కావడానికి ఇంకా టైం పడుతుంది. అన్ని మాటలూ ఒకే ఎత్తులో ఉంటాయి, కోపమొచ్చినా సంతోషమొచ్చినా ఒకటే మోత. ఇది మీ గొంతు తిరిగి రావడం కాదు" అంది. నాకు ఒళ్ళు మండింది. ఇంత దూరం బస్సులో వచ్చి, ఇంత ఖరీదు పెట్టి కొన్న వస్తువు గురించి, అమ్మిన చోటే ఇంత నీరసంగా మాట్లాడతారా? ప్రొద్దుటూరులో ఏ బట్టల అంగడివాడైనా చీర విప్పకముందే ఆ చీర కట్టుకున్నవాళ్ళు ఎట్లా ఉంటారో కళ్ళకు కట్టిస్తాడు. ఈమేమో కొన్నాక కూడా ఆశపడొద్దంటుంది. ఇంటికి పోగానే చూపిస్తా అనుకున్నాను. ఇంటికి పోయి, నడవలో నిలబడి, మెడకు ఆనించి, నా ప్రాణమంతా పెట్టి గౌరీ అని పిలిచాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "మిక్సీ ఎవురేసినారు?" అంది.

నవ్వొచ్చిందా ఏడుపొచ్చిందా అంటే రెండూ రాలేదు, మిషను తీసుకుపోయి బీరువాలో పెట్టేశాను. వారం తర్వాత లహరి తీసి చార్జింగు పెట్టింది. మళ్ళీ మొదలు. పప్పు, బువ్వ, మామిడి, ఆవు. చిన్నపిల్లలకు నేర్పే మాటలు. పొలంలో బర్రెలకు చెప్పాను, అవి మొదట్లో బెదిరి తాళ్ళు తెంపుకోబోయాయి, తర్వాత తర్వాత పట్టించుకోవడం మానేశాయి, అది చూసి ధైర్యం వచ్చింది నాకు. అన్నింటికంటే కష్టం హ. దానికి ఊపిరి కావాలి, నా ఊపిరి నోటి దాకా రాదు, మెడలోనే దారి చూసుకుని పోతుంది. నా కూతురి పేరు నడిమధ్యలోనే ఉంది ఆ అక్షరం. పుట్టినప్పుడు పేరు పెట్టింది నేనే, మా అమ్మ పేరు పెట్టమని అక్క పోట్లాడినా వినలేదు. ఇప్పుడు ఆ పేరు పిలిస్తే మధ్యలో చిన్న గుంట పడుతుంది. లహరి పలుకుతుందనుకోండి, గుంట పడినా పలుకుతుంది, కానీ పిలిచినప్పుడల్లా నాకు మనసులో కలుక్కుమంటుంది.

నా గొంతు పలికిన రోజులు వేరే. బండలాగుడు పోటీలంటే ఈ చుట్టుపక్కల మైకు ముందు నేనే. కమలాపురం, చక్రాయపేట, యాడ ఎద్దులు బండ లాగితే ఆడ నా గొంతు. ఎండకు నేల కాలుతుంటే, జనం రెండు పక్కలా తాళ్ళ వెనక తోసుకుంటుంటే, ఎద్దుల యజమాని కాడి సరిచేసి చెర్నాకోల ఎత్తగానే నేను అందుకునేవాణ్ణి. అదిగో కదిలింది, కదిలింది, చీనీతోటల పులివెందుల జత కదిలింది, అడ్డం నిలబడొద్దు అబ్బీ, ఎద్దుకు దారియ్యి, దారియ్యి! ఎద్దు ఆగిపోతే నా గొంతు కూడా ఆగేది, అది మళ్ళీ మోకాళ్ళ మీద లేస్తే నేనూ లేచేవాణ్ణి. ఆ పులివెందుల జత నారాయణదే. ఈరోజు ముద్దనూరు గేటు దగ్గర కూర్చుని ఉన్న నారాయణ. "అన్నా, నువ్వు పిలిస్తేనే నా ఎద్దులు బండ కదిలిస్తాయి" అని ప్రతి తిరునాళ్ళలో తన తోటలో కాసిన చీనీకాయల సంచి నాకు ఇచ్చిపోయేవాడు. తన కొడుక్కు లహరిని చేసుకుంటామని కబురు పెట్టింది కూడా అతనే. ఆపరేషన్ అయిందని తెలుసు, మాట పోయిందని తెలుసు. మిషను మాట మాత్రం వినలేదు. పిల్లను చూడ్డానికి వచ్చిన రోజు నేను దాన్ని జేబులోనే పెట్టుకుని, తల ఊపుతూ, నవ్వుతూ, మజ్జిగ గ్లాసులు అందిస్తూ తిరిగాను. మాటలన్నీ గౌరి, బావమరిది మాట్లాడారు. సుబ్బరాయుడి గొంతంటే ఏమిటో తెలిసినవాడి ముందర మిక్సీ మోత ఎట్లా వినిపించేది? సిగ్గేసింది. ఈరోజూ సిగ్గుగానే ఉంది. ఆ మోత విని అతని మొహంలో జాలి కనబడితే పళ్ళెం ఆడనే పెట్టేసి బయటికి పోతానేమోనని భయంగా ఉంది.

తలుపు నెట్టుకుని హర్ష వచ్చాడు, మా అక్క కొడుకు, బెంగళూరులో కంప్యూటర్ల పని. వాడి వెనకే గౌరి. హర్ష మొహం వెలిగిపోతోంది. "మామా, ఇది విను. నీ పాత బండలాగుడు వీడియోలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించినా. నీ గొంతు పట్టేసింది అది. ఇప్పుడు ఏ మాటైనా నీ గొంతులోనే చెప్తాది. నువ్వు ఊరికే నోరు కదుపు సాలు, నేను పక్కనుంచి ఫోను నొక్కుతా" అన్నాడు. నొక్కాడు.

నా గొంతే. దేవుడి మీద ఒట్టు, నా గొంతే. మా లహరీఈఈని మీ ఇంటికి ఇచ్చినామూఊఊ అని గదంతా అదిరేట్టు, కాడి ఎత్తిన ఎద్దుల్ని అదిలించినట్టు, చివర్లో జనం ఈలలు వేయడానికి సందు కూడా వదిలి చెప్పింది. ఇంకొక్క ముక్క ఉంటే ఎన్ని అడుగులు లాగిందో కూడా చెప్పేదే. గౌరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, భుజాలు కదిలిపోతున్నాయి. నాకూ నవ్వాగలేదు, నా నవ్వుకు శబ్దం ఉండదు, మెడ రంధ్రంలోంచి గాలి బుస్సుబుస్సుమంటుంది, అది చూసి హర్ష కూడా నవ్వేశాడు, "ఏం జేసేది మామా, నీవి ఎద్దుల వీడియోలు తప్ప వేరేవి దొరకల్యా" అన్నాడు.

నవ్వు తగ్గాక మళ్ళీ పెట్టమని సైగ చేశాను. మళ్ళీ విన్నాను. ఈసారి నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఎంత బాగుండేది ఆ గొంతు, నాది అని ఎప్పుడూ అనుకోలేదు, కాలూ చెయ్యీ మాదిరి ఉందిలే అనుకున్నాను. కానీ అది మైకు గొంతు. ఇంట్లో నేను మాట్లాడిన గొంతు వేరే ఉండేది. లహరి పదో తరగతి పరీక్షలప్పుడు తెల్లారుజామున లేపిన గొంతు, గౌరితో పెరట్లో గుసగుసలాడిన గొంతు, జ్వరమొచ్చినప్పుడు నీళ్ళు అడిగిన గొంతు. వాటిని ఎవరూ ఫోనులో పట్టలేదు, ఎందుకు పడతారు? ఇంట్లో మాటలకు ఫోను అడ్డం పెట్టేవాళ్ళెవరు? కంప్యూటర్‌కు తెలిసిన సుబ్బరాయుడు ఎద్దుల సుబ్బరాయుడే. వాడి చేత నా బిడ్డను ఇప్పించలేను. మిషను మెడకు ఆనించి, "వద్దు. నేనే చెప్తా" అన్నాను. హర్షకు అర్థమైంది. గౌరికి ముందే అర్థమైంది, పళ్ళెం తేవడానికి పోయింది.

పళ్ళెం తెచ్చాక తెలిసింది మా తెలివి. కొబ్బరికాయలు, అరటిపండ్లు, తమలపాకులు, పసుపుకొమ్ములు, చీర, రవికె, పైన వక్కలు. రెండు చేతులూ పడితే తప్ప లేవదు. మరి మిషను? ఎండాకాలమంతా అద్దం ముందర, స్నానాల గదిలో, గట్ల మీద, ఈ ఒక్క మాటనే నమిలి నమిలి నేర్చుకున్నాను గదా, ఒక్కరోజైనా, ఒక్కరంటే ఒక్కరికైనా, ఆ సమయానికి నా చేతులు ఖాళీగా ఉండవని తోచిందా? తోచలేదు. నలభై పెళ్ళిళ్ళు చేయించిన మా అక్కకు తోచలేదు, బెంగళూరు హర్షకు తోచలేదు, ప్రశాంతి మేడమ్‌కు మా తాంబూలాల సంగతి తెలియదు. నేను ఒంటిచేత్తో పట్టి చూశాను. కొబ్బరికాయ దొర్లి గౌరి కాలి మీద పడబోయింది.

"పళ్ళెం బల్ల మీద పెడదాం" అన్నాడు హర్ష. "బల్ల ఇస్తుందా పిల్లను? చేతిలోంచి చేతికి పోవల్ల" అంది మా అక్క, ఎప్పుడొచ్చిందో వచ్చి. మిషనును తువ్వాలుతో మెడకు కట్టుకుందామంటే రంధ్రం మూసుకుపోయి ఊపిరి ఆడదు. గౌరి మిషను పట్టుకుని చూసింది. పాపం, ఆమె చెయ్యి మెడ దాకా వచ్చి ఆగిపోతుంది. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఇంతే, నాకు అన్నం మెత్తగా పిసికి పెట్టింది, రాత్రుళ్ళు మేలుకొని కూర్చుంది, ఆ రంధ్రం దగ్గరికి మాత్రం ఆమె చెయ్యి రాదు. తప్పు పట్టను, ప్రేమ లేక కాదు అది, భయం. బిళ్ళ జారి జారి బయటే జుయ్యిమంది, మాట రాలేదు. "నా వల్ల కాదయ్యా" అని కుర్చీలో కూలబడిపోయింది. మా అక్క తల పట్టుకుంది. "ఇంగ మీ బావమరిదిని పిల్చు అబ్బీ, టైమయితాంది" అంది. అప్పటికి నాకూ అదే దారేమో అనిపించింది.

లహరి వచ్చింది. సగం పూలు పెట్టుకుని, సగం పిన్నులు నోట్లో కరుచుకుని, ప్రొద్దుటూరులో కొన్న కొత్త పట్టుచీర కుచ్చిళ్ళు చేత్తో ఎత్తి పట్టుకుని వచ్చింది. పిన్నులు తీసి, "నేను పట్టుకుంటా" అంది. మా అక్క ఎగిరిపడింది. "పెండ్లికూతురు పిల్చినంక రావల్ల. ముందే వచ్చి నాయన పక్కన నిలబడితే పులివెందులోళ్ళు ఏమనుకుంటారు?" అంది. "ఏమన్నా అనుకోనీ అత్తా. నాయన చేతిలో పళ్ళెం కిందపడితే అప్పుడేమనుకుంటారు?" అంది లహరి. అంతే, ఇంకో మాటకు తావివ్వలేదు. మిషను తీసుకుని నా కుడి పక్కన, అరడుగు వెనక్కి నిలబడింది. వెతుక్కోలేదు. ఆస్పత్రిలో నా మెడ రంధ్రంలో ట్యూబు తీసి కడిగి పెట్టింది ఈ చేతులే, ఆ మెత్తటి చోటు నాకంటే ముందు కనిపెట్టింది ఈ పిల్లే. బిళ్ళ సరిగ్గా అక్కడే ఆనింది, చల్లగా. నా పెదాలు కదలగానే నొక్కింది, మాట అయిపోగానే వదిలింది. పళ్ళెం కదల్లేదు. బయట కార్ల హారన్లు మోగాయి, గేటు తీసినట్టున్నారు, మా అక్క పసుపునీళ్ళని, హారతని అరుచుకుంటూ పరుగెత్తింది.

తర్వాత అంతా పనే. కాళ్ళు కడగడాలు, గంధాలు, ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పుకోవడాలు, నారాయణ నా రెండు చేతులూ పట్టుకుని నన్ను చూసి నవ్వడం, ఆ నవ్వులో నేను జాలి కోసం వెతకడం, దొరక్కపోవడం, దొరకలేదేమని అనుమానపడటం. అయ్యవారు పత్రిక చదివి, ఇద్దరినీ ఎవరి పళ్ళెం వాళ్ళు ఎత్తుకోమన్నారు. ఎదురెదురుగా నిలబడ్డాం. నా పక్కన లహరి వచ్చి నిలబడగానే పులివెందుల ఆడవాళ్ళలో ఒక కలకలం లేచింది, లేచి, ఆమె చేతిలోని వస్తువు చూసి ఆగింది.

నోరు తెరిచాను. మొదటిసారి ఆ మోత మండపంలో వినబడేసరికి వెనక వరుసలో పిల్లలు కిసుక్కుమన్నారు, ఒక ముసలామె "ఏందమ్మా అది?" అని గట్టిగానే అడిగింది. నారాయణ చూపు నా మొహం మీద లేదు, మెడ మీదే ఉంది. అయినా పుచ్చుకున్నామన్నాడు. రెండోసారి నెమ్మదిగా చెప్పాను, ప్రతి అక్షరాన్నీ పళ్ళతో పెదాలతో పట్టి పట్టి వదిలాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. మాట చేరిందని తెలిసింది, నారాయణ కళ్ళెత్తి నా కళ్ళలోకి చూశాడు, పుచ్చుకున్నామన్నాడు. చేరింది గానీ, గోడకు కొట్టిన మేకు మాదిరి సూటిగా, ఎత్తూ పల్లం లేకుండా, కరెంటు బిల్లు కట్టమని చెప్పినట్టు చేరింది. బిడ్డను ఇచ్చే మాట అట్లా ఉండదని ఆడ ఉన్నవాళ్ళందరికీ తెలుసు. నా గుండెలో ఉన్నదేదీ ఆ మోతలోకి ఎక్కలేదు. ఎక్కదని నాకు ముందే చెప్పారు, నేనూ ఒప్పుకున్నాను, ఒప్పుకున్నా బాధగానే ఉంది.

మూడోసారి నోరు కదిపాను. శబ్దం రాలేదు. మాటంతా పూర్తిగా అన్నాను, ఒక్క ముక్కా వినబడలేదు. చార్జింగు అయిపోయిందనుకున్నారు అందరూ. హర్ష ఫోను తీసి లేచి నిలబడి, పెట్టనా అన్నట్టు కనుబొమలెగరేశాడు. మా అక్క బావమరిది చొక్కా పట్టి లాగుతోంది. చార్జింగు ఉందని నాకు తెలుసు. బిళ్ళ మెత్తటి చోటులోనే ఉంది, కదల్లేదు. మీట మీద వేలు మాత్రం నొక్కడం లేదు. నా చెవి వెనక లహరి ఊపిరి వినబడుతోంది, ముక్కు ఎగబీల్చుకుంటోంది, గాజులు చిన్నగా చప్పుడవుతున్నాయి. నేను తల తిప్పలేదు. హర్షను కూర్చోమని కళ్ళతోనే చెప్పాను. నారాయణ వైపు చూసి, ఆగమన్నట్టు తల ఊపాను. పళ్ళెం బరువుగా ఉంది, ఉండనీ. ఈ మాట నేనొక్కణ్ణే చెప్పేది కాదని అప్పుడు తెలిసింది నాకు, నొక్కితే చెప్తాను, నొక్కకపోతే ఇట్లాగే పొద్దుగూకేదాకా నిలబడతాను, పులివెందులవాళ్ళు మళ్ళీ ముద్దనూరు గేటు దాటిపోయినా సరే.

నొక్కింది. చెయ్యి వణుకుతోంది, బిళ్ళ మెడ మీద అదురుతోంది, దాంతో మోత కూడా అదిరింది. మా లహరిని మీ ఇంటికి ఇచ్చినాము. ఆపరేషన్ అయినాక నా గొంతు వణకడం అదే మొదటిసారి. నారాయణ తన పళ్ళెం నాకిచ్చి నాది అందుకోబోయి, కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక, అట్లాగే నిలబడిపోయాడు. నా మాట అయిపోయింది, నోరు మూసుకున్నాను. మా అమ్మాయి మీట వదల్లేదు.